తలుపు మీది గంటు, మెలానియా తరాసివ్నా గారి పెన్సిలు

1973 సెప్టెంబరు 3, సోమవారం ఉదయం తొమ్మిదికి పది నిమిషాల ముందు మెలానియా తరాసివ్నా హోర్దియ్చుక్ గారు మన స్టారోబ్రిద్ పట్టణ చరిత్ర ప్రదర్శనశాలలో కనిష్ఠ సహాయకురాలిగా పదవీబాధ్యతలు స్వీకరించారు. ఈ విషయం నేను ఏ రికార్డులోనూ చదివి రాయడం లేదు. బాయిలర్ గది కిటికీలోంచి కళ్లారా చూశాను. నీలం కోటు, నెత్తికి రుమాలు, చేతిలో సంచి, ఆ సంచిలో బూట్ల మీద తొడుక్కునే సొంత ఉన్ని జోళ్లు. గుమ్మం దాటిన ఐదు నిమిషాలకే ఆవిడ గొంతు పైఅంతస్తు నుంచి వినిపించింది.

"చెక్కనేల మీద బూట్లతో నడిచిందెవరండీ?"

"నేనేనమ్మా. ఇక్కడి డైరెక్టర్ని."

"అయితే మీకు పెద్ద సైజు జోళ్లు కావాలి. ఉండండి, తెస్తాను."

ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆ నేల మీద బూటు మోగలేదు.

నేను పనాస్ లుష్చిక్‌ను. బాయిలర్, వడ్రంగం, పైకప్పు మీది మంచు, ఎలుకలు, అన్నీ నావే, నలభై మూడేళ్లుగా. పెద్ద చదువులేవీ లేవు. అయినా ఆవిడ పదవీ విరమణ ప్రత్యేక సంచికకు నన్నే రాయమన్నారు, ఎందుకంటే ఇక్కడున్నవాళ్లలో ఆవిడకంటే పాత సరుకును నేనొక్కడినే. అయితే మన సంస్థ నుంచి బయటికి వెళ్లే ప్రతి కాగితం ఆవిడ పెన్సిలు కింద నుంచే వెళ్లాలన్నది నియమం. తన సొంత అభినందన వ్యాసానికి కూడా ఆవిడ మినహాయింపు ఇవ్వలేదు. అంచుల్లో ఆవిడ రాసిన మాటలను సంపాదకవర్గం చెరిపెయ్యకుండా అలాగే అచ్చు వేసింది.

నలభై ఏళ్ల సుదీర్ఘ సేవ ఆవిడది. (పెన్సిలు: మూడు నెలల రెండు రోజులు తక్కువ.)

చేరిన మొదటి వేసవిలోనే ఆవిడ ఊరంతా కాలినడకన తిరిగి, బస్టాండులో దిగిన మనిషి ఒక్క పూటలో చూడదగిన వాటికి ఒక దారి వేశారు. ముందు అగ్నిమాపక గోపురం, తరువాత కోట దిబ్బ, అక్కడి నుంచి చెక్క చర్చి, తోళ్లు పదును చేసేవాళ్ల వీధి, చివరగా మన భవనం. నేటికీ అందరూ నడిచేది ఆ దారే. గోపురానికి వంద మెట్లని మా తాతల కాలం నుంచి అందరం చెప్పుకునేవాళ్లం. ఆవిడ మూడుసార్లు ఎక్కి దిగి తొంభై నాలుగని తేల్చారు. ఊరు భగ్గుమంది. సంతలో పొద్దుతిరుగుడు గింజలమ్మే ఆవిడైతే ముఖం మీదే అడిగింది.

"మా ఆరు మెట్లు ఎక్కడ దాచావే పిల్లా?"

"మీరే ఎక్కి లెక్కపెట్టండి పిన్నీ."

"నా మోకాళ్లకు వంద మెట్లే! అంతకు ఒక్కటి తగ్గితే ఊరుకోను!"

అదీ ఆవిడ పద్ధతి. కొలవనిదే నమ్మరు, చూడనిదే రాయరు. ఇలాంటి మనిషి కింద నాలాంటివాడు పనిచేయడం ఎంత కష్టమో ఇప్పుడు చెబుతాను.

1974 శరదృతువులో పెద్దమ్మాయి పుట్టడంతో ఆవిడ సెలవు మీద వెళ్లారు. ఆ శీతాకాలం చలి ఎలాంటిదంటే, గోపురం మీది కాకులు ఎగరడం మరిచిపోయి మెట్లు దిగి వచ్చేవి. (పెన్సిలు: ఉష్ణోగ్రత మైనస్ పంతొమ్మిది. కాకుల విషయం నాకు తెలియదు.) ఫిబ్రవరిలో పెద్ద గదిలో గొట్టం పగిలింది. ఆ గది ఓక్ తలుపు కనబడకుండా ఎప్పటినుంచో వేలాడుతున్న ఎర్రని మఖ్మలు తెర తడిసి ముద్దయితే తీసి పారేశాం. కొత్త పోత ఇనుప రేడియేటర్‌ను, రెండు వందల కిలోలు ఉంటుంది, నేనొక్కడినే భుజాన వేసుకుని పైకి మోశాను. (పెన్సిలు: యాభై ఒక్క కిలోలు. తూకం వేయించాను.) గుమ్మం దగ్గర ఇంకాస్త ఎత్తబోతే అది పక్కకు ఒరిగి, దాని అంచు తలుపును కింది నుంచి పైకి జానెడు పొడవున చీల్చేసింది. ఆ తలుపు మూడు వందల ఏళ్లది. నా ఉద్యోగం ఐదేళ్లది. బాయిలర్ మసిలో పొద్దుతిరుగుడు నూనె కలిపి ఆ గంటుకు పట్టించాను. చూస్తే నాకే పాతదనిపించింది.

మర్నాడు బడిపిల్లలు వచ్చారు. రెండు జడల అమ్మాయి ఒకతి అందులో వేలు పెట్టి "ఇదేంటి మామయ్యా?" అంది. నా నోరు నా అనుమతి అడగలేదు.

"కోసాక్ దళపతి కత్తి దెబ్బ తల్లీ. లోపల శత్రువు దాక్కున్నాడు, ఒక్క వేటు!"

సాయంత్రానికి ఊరంతా పాకింది. నెలాఖరుకు అప్పటి డైరెక్టర్ గారు తలుపు పక్కన ముచ్చటైన చీటీ రాయించి పెట్టారు. ఏడాది తిరిగేసరికి కొత్త పెళ్లిజంటలు రిజిస్ట్రీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ఆ గంటులో ఇద్దరూ చెరొక వేలు పెట్టి ఫోటో దిగడం మొదలుపెట్టారు. కాపురం ఓక్ చెక్కలా నిలుస్తుందట.

1976లో మెలానియా తరాసివ్నా గారు తిరిగి విధుల్లో చేరారు. తలుపు చూశారు. చీటీ చదివారు. భూతద్దం తీశారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. బాయిలర్ మనిషిని తండ్రి పేరుతో కలిపి గౌరవంగా పిలిచింది ఈ భవనంలో ఆవిడొక్కరే.

"పనాస్ ఒఖ్రీమోవిచ్, ఈ దెబ్బ కింది నుంచి పైకి పడింది. దళపతి నేల మీద పడుకుని కొట్టాడా?"

"గుర్రం కూలిపోయింది కదండీ. పడ్డచోటు నుంచే కొట్టాడు."

"మేడ మీదికి గుర్రం ఎలా వచ్చింది?"

"అది పొట్టి గుర్రమండీ."

ఆవిడ చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు. మూడేళ్ల తరువాత గంటు ఎడమవైపుకు వాలి ఉందన్నారు. దళపతి ఎడమచేతి వాటమన్నాను. ఇంకో నాలుగేళ్లకు అది మోకాలి ఎత్తులోనే మొదలైందెందుకని అడిగారు. దళపతీ పొట్టివాడే, గుర్రానికి తగ్గట్టు, అన్నాను. ఇలా ఇరవై రెండేళ్లలో ఆవిడ ప్రశ్నలకు మా దళపతి పొట్టివాడై, ఎడమచేతి వాటంవాడై, ఒక కన్ను పోగొట్టుకుని, చివరికి కొంచెం కుంటాడు కూడా. పేరు మాత్రం పెట్టలేదు. పెడితే ఆవిడ పుస్తకాల్లో వెతుకుతారు.

ఈలోగా ఆవిడ 1984లో ప్రధాన సంరక్షకురాలయ్యారు. మన దగ్గరున్న నాలుగు వేల రెండు వందల ఆరు వస్తువులకు, చెక్క గరిటె దగ్గర నుంచి చర్చి గంట వరకు, ఒక్కోదానికి ఒక్కో చీటీ స్వహస్తాలతో రాశారు. అది ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఆ మాటకు సాక్ష్యమేమిటి. తెలియనిచోట "తెలియదు" అని రాశారు. మరెవరైనా అయితే అక్కడ ఒక రాజును నిలబెట్టేవాళ్లు. ఆవిడ దగ్గర తలుపు ఒక్కదానికే చీటీ లేదు. "విచారణలో ఉంది" అనేవారు.

1998 మార్చిలో పిడుగులాంటి కబురు వచ్చింది. చిన్న ఊళ్లలో ప్రదర్శనశాలలు దండగ, వస్తువులన్నీ జిల్లా కేంద్రానికి తరలించి భవనం ఆఫీసులకు ఇచ్చేద్దామని పైవాళ్ల ఆలోచన. ఉంచాలంటే సాటిలేని వస్తువు ఒక్కటైనా ఉందని చూపించాలి. జిల్లా నుంచి తనిఖీ సంఘం వచ్చి చూస్తుంది. అప్పటి డైరెక్టర్ బొహ్దాన్ యుస్తిమోవిచ్ గారు క్షణం ఆలోచించకుండా తలుపు పేరు రాశారు. కాగితం మీద ప్రధాన సంరక్షకురాలి సంతకం కావాలి.

"ఒక్క సంతకం, మెలానియా తరాసివ్నా! ఊరంతా నమ్ముతోంది కదా!"

"ఊరు గోపురానికి వంద మెట్లని కూడా నమ్మింది."

"సంతకం పెట్టకపోతే ఎల్లుండికి మనమందరం వీధిలో ఉంటాం. మీ చెక్క గరిటెలు ఏ గోదాములో ఉంటాయో దేవుడికే తెలియాలి."

సంఘం వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఆవిడ బాయిలర్ గదిలోకి దిగి వచ్చారు. బొగ్గు బస్తా మీద కూర్చున్నారు. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో కలం.

"పనాస్," అన్నారు. తండ్రి పేరు లేదు. "నిజం చెప్పు. దళపతి ఉన్నాడా?"

నా దగ్గర అప్పటికే మెల్లకన్ను గుర్రం ఒకటి తయారుగా ఉంది. కానీ ఆ కలం చూశాక దాన్ని బయటికి తోలలేదు. ఇన్నేళ్లలో ఆవిడ పేరు ఒక్క తప్పు మాట కింద కూడా పడలేదు. పడబోతున్న మొదటిది నాది.

"లేడండీ. రేడియేటర్."

నన్ను తిడతారనుకున్నాను. "ఏ రేడియేటర్?" అన్నారు.

"పెద్ద గది కిటికీ కిందిది."

"ఊడదీయండి."

"నిజం చెప్పాను కదండీ! అయినా నమ్మరా?"

"ఇరవై రెండేళ్లుగా మీరు చెప్పినవి రాసుకున్నాను పనాస్ ఒఖ్రీమోవిచ్. చూడకుండా ఎలా నమ్మను?"

ఊడదీశాను. యాభై ఏళ్ల మనిషిని, మళ్లీ భుజాన వేసుకుని గుమ్మం దాకా మోశాను. అంచును గంటులో ఆనిస్తే ఒరలో కత్తిలా సరిపోయింది. ఆవిడ రెండుసార్లు కొలిచారు. తరువాత బల్ల దగ్గర కూర్చుని తలుపుకు చీటీ రాశారు. డైరెక్టర్ గారి కాగితాన్ని సంతకం లేకుండానే తిరిగి ఇచ్చేశారు. ఆయన ఆ రాత్రి గుండె మందు తాగారని అంటారు. (పెన్సిలు: పుదీనా టీ.)

మర్నాడు సంఘం వచ్చింది. అధ్యక్షులు రోస్తిస్లావ్ డెమ్యానోవిచ్ గారు భారీ మనిషి. మిలమిలలాడే బూట్లు. ముందు ఆవిడ ఆయనకు ఉన్ని జోళ్లు తొడిగించారు. తరువాత పెద్ద గది గుమ్మం దగ్గర ఆయన కొత్త చీటీ పైకి చదివారు. "తలుపు, ఓక్, పదిహేడో శతాబ్దం. గంటు, 1975 ఫిబ్రవరి, రేడియేటర్ మోస్తుండగా పడింది. కారకుడు పనాస్ లుష్చిక్. సాక్ష్యం: రేడియేటర్."

డైరెక్టర్ గారు గోడకు ఆనుకున్నారు. అధ్యక్షుల ముఖం బీట్‌రూట్ అయింది.

"ఏమమ్మా! నేను పెళ్లినాడు ఇక్కడికి వచ్చి ఇందులో వేలు పెట్టాను తెలుసా?"

"కాపురం నిలిచిందా?"

"పదిహేడేళ్లయింది."

"అయితే గంటు తప్పేమీ లేదు. చీటీయే తప్పు."

ఆయనకు నవ్వు ఆగలేదు, కానీ పని మరిచిపోలేదు. "మరి సాటిలేని వస్తువు లేదన్నమాట. ఈ ఇంట్లో మిగిలినవాటి మాట నేనెందుకు నమ్మాలి?"

"ఇది చెప్పాను కాబట్టి," అన్నారు మెలానియా తరాసివ్నా గారు. "ఈ ఒక్కదాని కింద సంతకం పెట్టి ఉంటే నాలుగు వేల రెండు వందల ఆరింటినీ అనుమానించాల్సి వచ్చేది. పెట్టెలు అక్కడున్నాయి. మీకు నచ్చిన చీటీ లాగండి."

లాగారు. ఒకటి, పది, ముప్పై. వస్తువు తెమ్మన్నారు, సాక్ష్యం చూపమన్నారు, ఫోను చేసి మరీ విచారించారు. మధ్యాహ్న భోజనానికి కూడా లేవలేదు, మా వాళ్లు ఆలుగడ్డ కూరి ఉడికించిన వరేనికీలు అక్కడికే తెచ్చిపెట్టారు. సాయంత్రం ఐదుకు అధ్యక్షులు పెట్టె మూసి, జోళ్లు విప్పి, చక్కగా జత కలిపి పెట్టారు. జిల్లా కేంద్రంలోనే ఇంత నికరమైన చీటీలు లేవని, తరలించాల్సి వస్తే అక్కడివే ఇక్కడికి తరలించాలని రాసి సంతకం చేశారు. భవనం నిలిచింది. గరిటెలు నిలిచాయి. మనందరం నిలిచాం. నాకు మాత్రం మందలింపు పత్రం వచ్చింది. దానికీ ఆవిడ చీటీ రాసి భద్రపరిచారు, 4208. తలుపుది 4207.

తలుపుకు ఆవిడ రాసిన చీటీ ఇప్పటికీ దాని పక్కనే ఉంది. పెళ్లిజంటలు ఆ చీటీ చదివి నవ్వుకుని మరీ గంటులో వేలు పెడుతున్నారు. ఆ రేడియేటర్ ఇంకా వేడినిస్తూనే ఉంది.

ఈ 2013 మే 31న మెలానియా తరాసివ్నా గారు తాళంచెవుల గుత్తి అప్పగించి, గౌరవప్రదంగా పదవీ విరమణ చేస్తున్నారు. ఏ మాటకు ఎంత తూకమో తెలిసిన మనిషి, మాట తూకం తెలియని నాలాంటివాడికి కూడా తండ్రి పేరు కలిపి మర్యాద చేసిన మనిషి. తేనె కేకు చేయడంలో ఆవిడకు సాటి ఈ భూమండలం మీద లేరు. (పెన్సిలు: మా అత్తగారు.) భర్త యుఖీమ్ గారితో, ఇద్దరు కుమార్తెలతో, మనుమలతో, ఊరి బయట దాచా అనే వేసవి ఇంటి తోటలోని గూస్‌బెర్రీ పొదలతో ఆవిడ శేషజీవితం సుఖశాంతులతో సాగాలని, కళ్లు భూతద్దం అడగకూడదని, మోకాళ్లు తొంభై నాలుగు మెట్లనూ ఎక్కుతూనే ఉండాలని సహోద్యోగులందరి పక్షాన కోరుతున్నాను. మెలానియా తరాసివ్నా గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవిస్తారు.

(పెన్సిలు: ఆధారం?)

ఆధారం చూపించడానికి కొంచెం సమయం పడుతుందండీ. దయచేసి అప్పటిదాకా ఉండండి.