గాలిమోటరును దాటిన లారీ

"భయమా? నాకెందుకుంటది? మిలట్రీ వచ్చిన దినం భయపడ్డది నా లారీ," అన్నాడు డ్రైవర్ జానయ్య, వేడి చాయ్ సాసర్‌లోకి ఒంపుకుంటూ.

యూనియన్ మిలట్రీ వచ్చిన మరుసటి ఎండాకాలం అది. సూర్యాపేటలో సుగుణమ్మ చాయ్ దుకాణం ముందు బెంచీ దొరికిందంటే జానయ్య నోటికి ఇక మూత పడదు. ఆ సాయంత్రం ఎడ్లబండి తోలే లచ్చయ్య, బట్టల దుకాణం దామోదర్ దొరికారు.

"గరిడేపల్లి నుంచి బడిపిల్లలను మిర్యాలగూడకు తోల్కపోవాలె. కోదాడ దిక్కు నుంచి ఫిరంగుల సప్పుడు. తల్లులు పిల్లలను లారీల ఎక్కించి నా కాళ్ళు పట్టుకున్నరు. సడక్ మీద పోదామంటే పైన మిలట్రీ గాలిమోటర్లు తిరుగుతున్నయ్. పైనుంచి సూసెటోనికి రజాకార్ల లారీ ఏదో, పిల్లల లారీ ఏదో ఎట్ల ఎరికైతది? ఇగ నేను సడక్ దించిన. చౌడు నేల, రాళ్ళు, రేగుకంపలు. బాట లేదు, ఊరు లేదు, సచ్చినా నీళ్ళు పోసెటోడు లేడు."

"గాడ బండ్లే పోవు గదనే," అన్నాడు లచ్చయ్య.

"నీ ఎడ్లబండి పోదు. జానయ్య లారీ పోతది. జర దూరం పోయినంక సప్పుడు. ముందుగాల తేనెటీగలు లేసినయ్ అనుకున్న. తర్వాత ఉరుమనుకున్న. ఉరుమైతే ఆగుతది గద, ఇది ఆగుతలేదు. వెనక ఏడుస్తున్న పిల్లలు ఒక్కసారే సల్లవడ్డరు. పిల్లలు ఏడ్చినా మంచిదే గాని, గట్ల సల్లవడితే మన పానం గుంజుకపోతది. అద్దంల సూసిన. గద్దంత ఉన్నది. మల్ల సూసిన, గుడిసెంత అయింది. మూడోసారి సూస్తే అద్దంల మొగులే లేదు, అంత అదే!"

లచ్చయ్య అనుకోకుండానే తల ఎత్తి ఆకాశంలోకి చూశాడు.

"ఇగ ఏమైందో ఎరికేనా? నెత్తిమీదికెల్లి పోయింది. ఆ గాలికి కంపలు నేలకు పన్నయ్. కుందేళ్ళు బొక్కలకెల్లి బయటపడి లారీ ఎంబడి ఉరుకుతున్నయ్. దాని నీడ మా మీద పడితే మిట్టమధ్యాహ్నం సలి పెట్టింది. లారీ గజగజ వొణికింది. 'ఊకో బిడ్డా, నేనున్న' అని స్టీరింగ్ మీద తట్టిన."

"లారీకి చెప్పినవా?" అన్నాడు దామోదర్.

"మరి? పిల్లలకు చెప్తే ఇంటరా?"

బస్సొకటి వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో ఒకామె సంచీ పట్టుకుని వచ్చి, జానయ్య వెనక బెంచీ మీద కూర్చుని చాయ్ అడిగింది. జానయ్య వెనక్కి తిరిగి చూసే స్థితిలో లేడు.

"పోయింది అనుకుంటే మలుపుకొని మల్ల వచ్చింది. ఈసారి ఒకటి గాదు, రెండు."

"రెండా?"

"నాలుగు! దిక్కుకొకటి. ఇగ తొక్కిన సూడు, లారీ గాలిమోటరును దాటేసింది."

దామోదర్ గ్లాసు కింద పెట్టాడు. "దాటిందా?"

"దాటి, అది వచ్చెదాక నిలవడ్డది గూడ! దానికి కోపమొచ్చి కిందికి దిగింది. ఎంత కిందికంటే, దాని చక్రాలు నా లారీ టాపు మీద దొర్లుతున్నయ్. ముందర సూస్తే తాడిచెట్టంత లోతు వాగు. వెనక సావు, ముందర సావు. పక్కన కూసున్న పంతులమ్మ 'యేసయ్యా' అని ఒకటే ఏడుపు. నేను బ్రేకు తొక్కలే. లారీ ఒడ్డు మీదికెల్లి లేసింది. లేసి, సీదా మొగులు మీదికి! అటు రెండు, ఇటు రెండు, నడుమ నా లారీ. ఒక గాలిమోటరు నడిపెటోడు అద్దం జరిపి, 'భాయ్, జర కిందికి దిగు, మాకు భయమైతుంది' అని దండం పెట్టిండు. పాపం అనిపించి దించిన."

"లారీ ఎగరలేదు జానయ్యా."

మాట వెనక నుంచి వచ్చింది. జానయ్య తిరిగి చూశాడు. సాసర్‌లో చాయ్ పంచె మీద పడింది. బస్సు దిగి వచ్చినామె గరిడేపల్లి బడి ఎస్తేరు పంతులమ్మ.

"గాలిమోటరు వచ్చిన మాట నిజమే. ఒక్కటే వచ్చింది. మన నెత్తిమీదికెల్లి పోయి, మలుపుకొని ఎదురుంగ వచ్చింది. అప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నవు. మూసుకొనే తోలినవు. ఆపమంటే ఆపవు, తెరవమంటే తెరవవు. ఎడమకు తిప్పు, కుడికి తిప్పు, వాగున్నది అని నేను అరుసుడు, నువ్వు తిప్పుడు. అది ఏం జెయ్యకుంట పోయింది. పోయిందయ్యా అంటే గూడ నమ్మలే. మిర్యాలగూడ ఇండ్లు వచ్చెదాక గదే."

లచ్చయ్య జానయ్య వైపు తిరిగి అడిగాడు. "కళ్ళు మూసుకొని లారీ తోలినవా, జానన్నా?"

జానయ్య పంచె దులుపుకున్నాడు. "తెరుచుకొని ఎవడైన తోలుతడు."

బెంచీలు కదిలేటట్టు నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది.

"మరి నీకు భయం గాలేదా పంతులమ్మా?" అంది పొయ్యి దగ్గర నుంచి సుగుణమ్మ.

ఎస్తేరు నవ్వు ఆగింది.

"ఎందుకు గాలే? నేను గూడ మూసుకుందామనే అనుకున్న. ఈయన నాకంటె ముందుగాల మూసుకున్నడు."