పల్లంరాజు గారి నల్లబల్ల

కోచ్ గారి సతీమణి మాణిక్యాంబ గారికి, వారి అమ్మాయి పావనికి, పనులు మానుకుని మన ఫుట్‌బాల్ క్లబ్బు షెడ్డుకి వచ్చిన పెద్దలకీ, పాత ఆటగాళ్ళకీ నమస్కారం అండి. కుర్చీలు చాలక గోల్‌పోస్టు దాకా నిలబడే ఉన్నారు. మన కోచ్ పల్లంరాజు గారు పోయి ఇవాళ్టికి పదకొండో రోజు. మాట్లాడమని నన్ను పిలిచారు. ఆరేళ్ళపాటు ఆయనతో ఒక్క మాట మాట్లాడని ఈ దుర్గాసాయిని పిలిచారు.

ఆయన కాకినాడ పోర్టులో క్రేను ఆపరేటరు. తొంభై ఏడు వేసవిలో ఎరువుల ఓడ ఒకటి వచ్చి, ఇంజను చెడిపోయి, నెల్లాళ్ళు ఇక్కడే ఆగింది. అందులో నిల్స్ అనే స్వీడన్ ఇంజనీరు సాయంత్రాలు మనతో బంతాడేవాడు. వాళ్ళ ఊరు మన సామర్లకోటంత కూడా ఉండదట. అయినా ఆ ఊరి జట్టు ఆ ఏడాది వాళ్ళ దేశం పెద్ద లీగులోనూ ఆడుతోంది, యూరప్ కప్పులోనూ ఆడబోతోంది. ఇంక పల్లంరాజు గారికి అదే ధ్యాస. ఓడ వెళ్ళిపోయాక నిల్స్ ఉత్తరాలు రాసేవాడు. ఆ స్కోర్లన్నీ ఇదిగో, ఈ నల్లబల్ల మీదికి ఎక్కేవి.

అచ్చిబాబూ, గుర్తుందా? ఉత్తరం రావడానికి మూడు వారాలు పట్టేది. అక్కడ ఎప్పుడో అయిపోయిన మ్యాచ్ కోసం మనం ఇక్కడ మొక్కుకునేవాళ్ళం! నువ్వయితే సర్పవరం వెళ్ళి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చావు.

కప్పులో మొదటి రౌండు సొంత ఊళ్ళో ఒకటి–సున్నా గెలిచారు, పరాయి ఊళ్ళో రెండు–ఒకటితో ఓడారు. కలిపితే సమానమే. కానీ పరాయి ఊళ్ళో వేసిన గోలుకి విలువెక్కువ కాబట్టి వాళ్ళే ముందుకెళ్ళారని ఆయన చెప్పగానే, షెడ్డు రేకులు అదిరేలా అరిచాం. తరవాతి రౌండులో ఓ మహానగరం జట్టు వచ్చింది. రెండు మ్యాచ్‌లూ కలిపి సున్నా–ఆరు. ఏ మూలో చిన్నగా రాస్తారనుకున్నాం. గెలుపు ఎంత పెద్దగా రాశారో ఆ ఆరూ అంత పెద్దగానే రాశారు. "ఆడినోళ్ళకి లేని సిగ్గు రాయడానికి మనకేంట్రా?" అన్నారు.

ఈలోగా లీగులో ఆ జట్టు అడుగుకి జారిపోయింది. ఆఖరి మ్యాచ్ ఓడితే కింది డివిజనుకి పోతారు. ఒకటి–ఒకటితో గట్టెక్కారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు మాణిక్యాంబ గారు అందరికీ బూరెలు పంపించారు. కప్పు గెలిచినందుకు కాదండి, ఉన్నచోట నిలబడినందుకు.

ఇక నా సంగతి. తొంభై ఎనిమిది, జిల్లా ఫైనల్. గెలిస్తే రాష్ట్ర పోటీలు, అక్కడ బాగా ఆడితే రైల్వేలో ఉద్యోగం వస్తుందని ఆశ. ఆఖరి నిమిషంలో గోలు వేశాను. అందరూ నన్ను ఎత్తుకున్నారు. పల్లంరాజు గారు మాత్రం నేరుగా రిఫరీ దగ్గరికి నడిచారు. "మావాడి చేతికి తగిలిందండి, నేను చూశాను" అన్నారు. రిఫరీ ఆ గోలు రద్దు చేశారు. పెనాల్టీల్లో నాలుగు–మూడుతో ఓడాం. షెడ్డుకి వచ్చాక చాక్‌పీసు నా చేతికిచ్చి స్కోరు రాయమన్నారు. విసిరికొట్టి వెళ్ళిపోయాను.

తరవాత? ఆయన రోజూ మా కొట్టు ముందు నుంచే సైకిలు మీద వెళ్ళేవారు. ఒక్కసారి బెల్లు కొట్టేవారు. నేను తలెత్తేవాణ్ణి కాదు. బంతి భుజానికి తగిలిందని, కోచే నా బతుకు పాడు చేశాడని ఊరంతా చెప్పాను. మీలో చాలామంది నమ్మారు. ఆయన ఒక్కరోజు కూడా కాదనలేదు.

అయ్యా, అమ్మా, వినండి. చేతికే తగిలింది. ఆ రోజే నాకు తెలుసు. ఈ మాట ఆయన బతికుండగా చెప్పవలసింది. చెప్పలేదు. అదే నా బాధ.

బల్ల మీద ఆ ఫైనల్ వరస ఇన్నేళ్ళూ ఖాళీగానే ఉంచారు. ఇందాక నేనే రాశాను, చూడండి. మూడు–నాలుగు. పెద్దగానే రాశాను.

ఓడిన రోజున బల్ల మీద స్కోరు రాశాక ఆయన మనల్ని మైదానం మధ్య గీత మీద వరసగా నిలబెట్టేవారు. ఒక్క నిమిషం, మాట లేకుండా. ఇవాళ ఓడిపోయాం అండి. పెద్దలు ఉన్నచోటే లేవండి. ఆటగాళ్ళు గీత మీదికి రండి. ఆ రోజు ఆ వరసలో నేను లేను. ఇవాళ నాకూ కాస్త చోటివ్వండి.