మోతీకి అంగీ

చిద్రి ఊళ్ళో ఒక వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు, గోక్కుని గోక్కుని వీపు ఎర్రబడిన కుక్కను మధ్యలో పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు.

"వేపాకు నీళ్ళతోని కడిగి కొబ్బరినూనె రాసిన అక్కా. మోతీ అంతా నాకేస్తాంది."

"నాకకుండ అంగీ తొడుగు. మీ ఆయనది పాతది లేదా?"

"ఒక్కటే ఉంది. ఆయన పోయినంక ఉతకలే. ఆయన వాసన ఉందని సందుగ పెట్టెల దాసిన."

"గోకిన కాడ ఉతికిన బట్టే గావాలె. అది ఉండనియ్, నా జాకెట్ ఇస్త."

"నీ జాకెట్ల రెండు మోతీలు పడ్తయి!"

"నవ్వు, నవ్వు. యాడికి లేస్తున్నవ్?"

ఆమె లోపలికి వెళ్ళి అంగీ తెచ్చి, కుక్క ముందు పెట్టింది.

"అగో, దాంట్ల మూతి పెట్టి గోకుడు బందు చేసింది సూడు!"

"జర సేపు పెట్టుకోనియ్ అక్కా."

"తర్వాత?"

"తర్వాత ఉతికి తొడుగుత. నువ్వు బకెట్ల నీళ్ళు పట్టు."