గడియారాన్ని నడిపించిన తుమ్ము

మార్కెట్ గేటు పక్కన టీ కొట్టు బెంచీ మీద ముగ్గురికే చోటు. అయినా పసుప్పచ్చ గొడుగు చంకలో పెట్టుకుని ఆ అబ్బాయి వచ్చాడంటే ముగ్గురూ జరగాల్సిందే. జరక్కపోతే నిలబడి చెప్తాడు. నిలబడి చెప్తే ఇంకా ఎక్కువసేపు చెప్తాడు.

ఆవేళ బెంచీ మీద చేపల పిన్ని, ఆటో అన్న, ఆ చివర రొట్టెల బాబాయ్ ఉన్నారు. టీ అక్క పాలు పొంగకుండా గరిటె తిప్పుతోంది. గొడుగబ్బాయి అందరికీ నమస్కారం పెట్టాడు గానీ కళ్ళు మాత్రం బాబాయ్ మీదే. ఎందుకో అందరికీ తెలుసు. రేపు పొద్దున్నుంచి టూరిస్టుల్ని పాతూరంతా నడిపించి చూపించే పని సొంతంగా మొదలెడుతున్నాడు. ఏమేం చూపిస్తాడో రాసి వాళ్ళందరికీ ఫోన్లో పంపేశాడు. ఆఖరి లైను ఇది: ‘పాతకాలం బట్టీ దగ్గర వేడి రొట్టె, చేసినాయన చేతి మీదుగా.’ ఆ చేసినాయన్ని మాత్రం ఇంతవరకూ అడగలేదు. రెండేళ్ళ కిందట ఎవరో గైడు ఇరవై మందిని తెచ్చి, ఫోటోల కోసం బట్టీ తలుపు తెరిచి పట్టుకుంటే, వేడంతా పోయి ఒక వాయి రొట్టెలు మొత్తం కూలబడిపోయాయి. అప్పట్నుంచి గైడు అన్నవాణ్ణి బాబాయ్ గుమ్మం తొక్కనివ్వలేదు.

అడగడానికే వచ్చాడు గొడుగబ్బాయి. కానీ సూటిగా అడిగే నోరు కాదు అది.

“నిన్న ట్రయల్ వేశాను బాబాయ్,” అన్నాడు టీ గ్లాసు అందుకుంటూ. “పెద్దదేం కాదు, ఆరుగురు. కోట గుమ్మం దగ్గర మొదలెట్టి పళ్ళ కొట్ల వరస, చేపల వీధి, మసాలా సందు, గడియారస్తంభం. అంతే. ఆరుగుర్ని తీసుకెళ్ళాను, ఆరుగుర్నీ తిరిగి తెచ్చాను. నా గురించి నేను చెప్పుకోవడం నాకు చేతకాదు, మీకు తెలుసుగా.”

“తెలుసు,” అంది టీ అక్క.

“నిన్నా?” అంది చేపల పిన్ని.

“నిన్నే పిన్నీ.”

పిన్ని ఆటో అన్న వైపు చూసింది. ఆటో అన్న గ్లాసులోకి చూసుకున్నాడు. “సరే, చెప్పు నాయనా,” అంది పిన్ని, కాళ్ళు పైకి పెట్టుకుని సర్దుకుని కూర్చుంటూ.

“ఏముంది, నేను వెనక్కి నడుస్తాను కదా, గెస్టుల వైపు మొహం పెట్టి. వాళ్ళు దారి చూస్తారు, నేను వాళ్ళని చూస్తాను. అలా వెనక్కి నడుస్తూనే పళ్ళ వరసలోకి దిగాను. పుచ్చకాయ మంచిదో కాదో వేలితో కొట్టి వినండి అన్నాను. ఆరుగురూ ఆరు కాయలు పట్టుకుని కొట్టారు. ఒక్కో కాయ ఒక్కో చప్పుడు, చూస్తే చక్కగా తాళం కుదిరింది. నేను మధ్యలో కథ చెప్తున్నాను, వాళ్ళు వాయిస్తున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అటు పక్కన ఇంకో గైడు పదిహేను మందిని వెంటబెట్టుకుని పోతున్నాడు. పదిహేను మందీ అతన్ని వదిలేసి నా దగ్గరికొచ్చారు. అతను మాత్రం ఎక్కడికి పోతాడు పాపం, అతనూ వచ్చాడు.”

“గైడు కూడానా?” అన్నాడు ఆటో అన్న.

“నోట్సు కూడా రాసుకున్నాడన్నా. ఇరవై మూడు మందిమి చేపల వీధిలోకి తిరిగాం. తిరిగేసరికి ఇదుగో, మన పిన్ని. పిన్ని ముందు చేప. చేపంటే మామూలు చేప కాదు, ఈ బెంచీ అంత.”

“ఏం చేప?” అంది పిన్ని.

“పేరెందుకు పిన్నీ, పొడుగు చెప్తున్నాగా. తల ఇక్కడుంటే తోక అక్క పొయ్యి దగ్గర. అంత చేప మీ చేతిలోంచి జారింది. ఎగిరింది. నేనేమో వెనక్కి నడుస్తున్నాను, నాకు కనపడదు. గెస్టుల కళ్ళు పెద్దవయ్యాయి. వాళ్ళ కళ్ళల్లో చూశాను చేపని. ఎడమ కంట్లో చిన్నగా, కుడి కంట్లో పెద్దగా. అంటే కుడివైపు నుంచి వస్తోందన్నమాట. వెనక్కి తిరిగే టైము లేదు. గొడుగు తెరిచి భుజం మీద ఇలా వాల్చాను. చేప గొడుగు మీద పడి, గుండ్రంగా రెండుసార్లు తిరిగి, తిన్నగా వెళ్ళి మీ పళ్ళెంలో పడుకుంది. ఒక్క పొలుసు రాలితే ఒట్టు.”

“మరి నేనేమన్నాను అప్పుడు?”

“మీరా? మీకు నోట మాట రాలేదు పిన్నీ.”

“దీనికా,” అంది టీ అక్క. “చేప సంగతి వదిలెయ్, ఇది మాత్రం నమ్మలేను.”

పిన్ని నవ్వింది. బాబాయ్ నవ్వలేదు. గ్లాసు ఊదుకుని ఒక గుక్క తాగాడు. గొడుగబ్బాయి ఆ గుక్క వంక చూసి, సరిపోలేదనుకున్నాడో ఏమో, గొంతు పెంచాడు.

“అసలు సంగతి మసాలా సందులో బాబాయ్. అక్కడికొచ్చేసరికి వంద మందిమి. బాల్కనీల్లో బట్టలారేసేవాళ్ళు క్లిప్పులు నోట్లో పెట్టుకునే దిగొచ్చేశారు. పోస్టు పంచేవాడు సంచీతో సహా వచ్చాడు, ఆ వీధి ఉత్తరాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. అక్కడ మిరియాల కథ చెప్పాను. చూడండి, మూట విప్పలేదు, ఒక్క గింజ చూపించలేదు. ఉత్తి మాటే. ఓడలో మిరియం ఎలా వచ్చేది, దాన్ని కాపలా కాసేవాడు నిద్రపోకుండా ఎలా పళ్ళ మధ్య ఒక గింజ పెట్టుకునేవాడు, అది చెప్తున్నాను. చెప్తుంటే ముందు వరసలో ఒకాయనకి ముక్కు ఎర్రబడింది. పక్కావిడకి కళ్ళమ్మట నీళ్ళు. తుమ్మకండి, తుమ్మితే కథ పోతుంది అన్నాను. ఆపుకున్నారు. వంద మందీ ముక్కులు పట్టుకుని అలాగే నా వెంట నడిచారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్తావుగా,” అన్నాడు ఆటో అన్న.

“గడియారస్తంభం దగ్గరికి చేరాం. చేరేసరికి నాలుగు వందల మంది. నేను లెక్కపెట్టలేదు, పావురాలు పెట్టాయి. పావురాలన్నీ కిందికి దిగి, చిన్నవి ముందూ పెద్దవి వెనకా, వరసలో కూర్చుని వింటున్నాయి. గుర్రం మీద రాజుగారి విగ్రహం ఉంది కదా, ఆయనకి దూరం, సరిగ్గా వినపడటం లేదు. మెడ ఇటు వంచాడు. కావాలంటే ఇప్పుడెళ్ళి చూడండి, ఇంకా వంగే ఉంటుంది.”

“అది నా చిన్నప్పుడు లారీ గుద్ది వంగింది,” అన్నాడు ఆటో అన్న.

“గుద్దింది అటు నుంచన్నా, వంగింది ఇటు. ఆలోచించు. పైగా నిన్న నువ్వు అక్కడ లేవు.”

“లేనులే,” అని వెంటనే ఒప్పుకున్నాడు ఆటో అన్న. అంత తేలిగ్గా ఆయన దేనికీ ఒప్పుకోడు.

“అదీ. ఇక గడియారం కథ మొదలెట్టాను. ఆ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. ఎంతమంది మెకానిక్కులు ఎక్కారు, ఎంతమంది దిగారు. ఎందుకు ఆగిందో చెప్తూ చెప్తూ, సరిగ్గా ఆగిన నిమిషం దగ్గరికొచ్చి నేను ఊపిరి బిగబట్టాను. అంతే. మసాలా సందు నుంచి ఆపుకున్న తుమ్ము ఒకాయనకి ఆగలేదు. ఆయన తుమ్మితే పక్కావిడ, ఆవిడతో ఆ వరస, ఆ వరసతో నాలుగు వందల మంది ఒకేసారి. ఆ గాలి వెళ్ళి స్తంభానికి తగిలింది. నా గొడుగు తిరగబడింది. రాజుగారి గుర్రం ఒక అడుగు వెనక్కి వేసింది. పైన లోలకం ఊగింది. ముల్లు కదిలింది. కదిలి, ఇన్నేళ్ళూ కొట్టకుండా మానేసిన గంటలన్నీ వరసబెట్టి కొట్టింది.”

“అన్నీ?” అంది టీ అక్క.

“అన్నీ అక్కా.”

“మా ఇల్లు ఆ స్తంభం వెనకే. నాకు ఒక్కటీ వినపడలేదే.”

“మీరు ఇంట్లో మిక్సీ వేసుంటారు,” అని గొడుగబ్బాయి బెంచీ మీద బాబాయ్ వైపుకి జరిగాడు. గొంతు తగ్గించాడు. “ఇక అసలు సిసలు మాట వినండి బాబాయ్. అంత తుమ్మాక ఎవరికైనా ఆకలేస్తుంది కదా. నాలుగు వందల మందీ ఒకటే మాట, రొట్టె అన్నారు. మీ ఇంటి ముందుకే తెచ్చాను. తెచ్చి, చూడండి, గుమ్మానికి బారెడు దూరంలో గొడుగుతో గీత గీశాను. ఈ గీత దాటారా, నేను గైడునే కాదు అన్నాను. ఒక్కడూ దాటలేదు. ఒక్కడూ తలుపు ముట్టుకోలేదు. మీ బట్టీ వాసన అలా కిటికీలోంచి వస్తుంటే నిలబడి పీల్చారు. పీల్చి పీల్చి కడుపు నిండిపోయింది. కొంతమంది బెల్టులు వదులు చేసుకున్నారు. ఒకావిడ ఇంక చాలండి, రాత్రికి కూడా ఏం వద్దు అంది. నాలుగు వందల మందిని అలా నిలబెట్టినవాడు నలుగురైదుగుర్ని నిలబెట్టలేడా బాబాయ్, మీరే చెప్పండి.”

పొయ్యి మీద పాలు పొంగబోయి ఆగాయి.

“నిన్న ఏ వారం నాయనా?” అంది చేపల పిన్ని, చాలా మెత్తగా.

“సోమవారం.”

“సోమవారం మార్కెట్‌కి సెలవు.”

గొడుగబ్బాయి గొడుగుని ఈ చంకలోంచి తీసి ఆ చంకలో పెట్టుకున్నాడు.

“నేను నిన్నంతా మా అక్క ఇంట్లో తలకి నూనె పెట్టించుకుంటూ కూర్చున్నాను,” అంది పిన్ని. “చేప కూడా రాలేదు, బెంచీ అంతది సరే, అరచెయ్యంతది కూడా.”

“నేను ఆటో సర్వీసింగ్‌కి ఇచ్చాను,” అన్నాడు ఆటో అన్న.

“అంటే మీకు మొదట్నుంచీ తెలుసా?”

“‘నిన్న’ అనగానే తెలిసింది,” అంది టీ అక్క.

“మరి అప్పుడే చెప్పొచ్చుగా.”

“చేప ఎక్కడ పడుతుందో చూద్దామని ఊరుకున్నాం,” అంది పిన్ని.

అబ్బాయి చల్లారిన టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు. “నాకు సోమవారాలు హోటల్లో డ్యూటీ పిన్నీ. మూడు నెలలుగా రోజూ పొద్దున్నే ఈ మార్కెట్‌కొచ్చి అన్నీ చూసుకున్నాను, ఒక్క సోమవారం తప్ప. సోమవారం కూడా ఇలాగే ఉంటుందనుకున్నాను. నిన్న లీవు పెట్టి ఆరుగుర్ని తీసుకొచ్చాను. చూస్తే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా షట్టర్లు. పిల్లి కూడా లేదు. ఇద్దరు అక్కడే వెళ్ళిపోతామన్నారు.” లేచి నిలబడ్డాడు. “సరే బాబాయ్. రేపొచ్చేవాళ్ళకి ఫోన్ చేసి ఆ రొట్టె లైను తీసేస్తానులెండి. అడక్కుండా రాయడం నా తప్పే.”

“కూర్చో,” అన్నాడు రొట్టెల బాబాయ్.

అప్పటిదాకా ఆయన గొంతు వినలేదు కాబట్టి అబ్బాయి వెంటనే కూర్చున్నాడు.

“జనం సోమవారం కూడా తింటారు. కాబట్టి రొట్టెకి సెలవు లేదు,” అన్నాడు బాబాయ్. “నా కిటికీ చేపల వీధిలోకే. పిండి పొంగేదాకా స్టూలేసుకుని అక్కడే కూర్చుంటాను. నువ్వు ఈవిడ షట్టర్ ముందు ఆగి ఏం చెప్పావో అంతా విన్నాను.”

“ఏం చెప్పాడేంటి నా గురించి?” అంది పిన్ని, కాళ్ళు కిందికి దించి.

“ఇక్కడ ఒకావిడ కూర్చుంటుందన్నాడు. మొదటి చేప అమ్ముడయ్యేదాకా ఎవరితోనూ నవ్వదన్నాడు. ఎడంచేత్తో కోస్తుందన్నాడు. కోసేటప్పుడు ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడుగుతుంది, ఉన్నారంటే ముక్క ముక్కా వేలితో తడిమి, ముల్లు లేదని చూసుకుని మరీ ఇస్తుందన్నాడు. వెళ్ళిపోతామన్న ఇద్దరూ ఆ షట్టర్‌ని ఫోటో తీసుకున్నారు. మూసిన షట్టర్‌ని.”

పిన్ని ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాని వంక చూసుకుంది.

“మరి అది చెప్పుకోక, చేపని గొడుగు మీద దొర్లించావేం?” అంది చివరికి.

“అది ఉన్నదే కదా పిన్నీ. అందులో గొప్పేముంది?”

“నా గురించి ఏమన్నాడు?” అంది టీ అక్క.

“పంచదార ఎక్కువేస్తుందన్నాడు,” అన్నాడు బాబాయ్.

“ఎప్పుడేశానన్నా నేను?” అని టీ అక్క ఆటో అన్నని అడిగింది. ఆటో అన్న మళ్ళీ గ్లాసులోకి చూసుకున్నాడు.

బాబాయ్ లేచి పంచె మీద పిండి దులుపుకున్నాడు. “నా తలుపు దగ్గరికొచ్చేసరికి గొడుగు దించేశాడు. లోపల పిండి పొంగుతూ ఉంటుంది, గాలి తగలకూడదు, ఇక్కడ మాట్లాడొద్దు అని అందర్నీ అవతలి గోడవారగా తీసుకెళ్ళిపోయాడు. గాలి సంగతి నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు బాబాయ్. మీరు లోపలికెళ్ళినప్పుడల్లా తలుపు సగమే తీసి పక్కకి తిరిగి దూరతారు. ఎందుకా అని ఆలోచించాను.”

బాబాయ్ ఊఁ అన్నాడు. ఆ ఊఁ చాలాసేపు అన్నాడు.

“ముగ్గురేసి చొప్పున లోపలికి పంపు. తలుపు నేనే తీస్తాను, నేనే వేస్తాను. తొమ్మిదికని రాశావట, తొమ్మిదికి బట్టీలో ఏమీ ఉండదు. ఎనిమిదింబావుకి రెండో వాయి దిగుతుంది, అప్పటికి రా. ఎంతమందికి తీసి పెట్టమంటావ్?”

అబ్బాయి నోరు తెరిచాడు. పిన్ని, ఆటో అన్న, గరిటె పట్టుకుని టీ అక్క, ముగ్గురూ ఆ నోటి వంకే చూస్తున్నారు. అది ఒకసారి మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది.

“ఏడుగురు బాబాయ్,” అన్నాడు. కాసేపాగి, “అందులో ఇద్దరు మా అత్తయ్యా మామయ్యా,” అన్నాడు.