తిప్పన్న ఆర్పలేకపోయిన లాంతర్లు

మన ఊరికి పడమట ఆ మొండిబావి ఉందే, ఆ పక్కకు గొడ్లు కూడా పోవు, ఎప్పుడైనా చూసినారా? గడ్డి మోకాలెత్తు ఉంటుంది, అయినా పోవు. ఎందుకో చెప్తా, కాస్త దగ్గరికి జరగండి, దగ్గొస్తోంది నాకు, గట్టిగా చెప్పలేను.

ఆ బావి తిప్పన్నది. మా ఎల్లక్క మొగుడు, నోట్లో నాలుక లేని మనిషి. బావి చుట్టూ మూడెకరాలు చెనిక్కాయ వేసేవాడు. కొండలోంచి అడవిపందులు దిగి ఒక్క రాత్రిలో చేనంతా పెళ్ళగించి పోయేవి, మరి ఏం చేస్తాడు? రెండు గట్ల మీదా వరసగా లాంతర్లు పెట్టేవాడు, ఇటు పది, అటు పది. వెలుతురుంటే పంది రాదు.

సరే, అప్పట్లో మైలు దూరంలో ఒక ఫ్యాక్టరీ ఉండేది, దాని షావుకారు చిన్న విమానంలో వచ్చిపోయేవాడు. అది దిగే బాటకు కూడా చీకటిపడితే రెండు పక్కలా ఇట్లాగే లాంతర్లు పెట్టేవాళ్ళు. అందుకని అక్కడి వాచ్‌మన్ వచ్చి, అన్నా, విమానం మోత వినపడగానే నీ దీపాలు ఆర్పెయ్, పైనున్నోడికి ఏది బాటో ఏది చేనో తెలీదు, అని చెప్పిపోయినాడంట. తిప్పన్న సరేనన్నాడు, రెండేళ్ళు మాట తప్పలేదు కూడా.

మూడో ఏడు వానల్లేవు. నీళ్ళు చేది పోసి బతికించుకున్న పంట, రెండెకరాలు అప్పటికే పందుల పాలైంది, ఆ మిగిలిన ఎకరా కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ రాత్రి మోత వినపడింది, అదే సమయానికి గట్టు కింద పందుల గుర్రు కూడా వినపడింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అని దీపాలు ఆర్పలేదు. మీరైతే ఏం చేసేవాళ్ళు, చెప్పండి?

విమానం ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, ఆ పైన నేరుగా చేను మీదికే దిగుతూ వచ్చింది, అప్పుడు తిప్పన్న ఒక లాంతరు ఊదేసి, ఇంకోటి తన్నేసి, ఇక్కడ కాదు సామీ, ఇక్కడ కాదు అని మొరపెట్టుకుంటూ పరిగెత్తినాడంట, ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? పద్నాలుగు ఆర్పినాడు. ఇంకా ఆరు ఉండగానే విమానం నేలను తాకి, పల్టీ కొట్టి, పోయి బావి గోడకు గుద్దుకుంది. నడిపేవాడూ షావుకారూ ఇద్దరూ అక్కడికక్కడే పోయినారు.

పోలీసులు అడిగితే తిప్పన్న లాంతర్లే పెట్టలేదన్నాడు. తెల్లారకముందే ఎల్లక్క ఆ ఇరవై లాంతర్లనూ బావిలో పడేసింది మరి.

అక్కణ్ణుంచి మొదలైంది. అమావాస్య వస్తే చాలు, మోత వినపడుతోందని లేచేవాడు, ఇంట్లో దీపం ఆర్పేవాడు, పొరుగిళ్ళలో దూరి పొయ్యిలో నిప్పుల మీద నీళ్ళు పోసేవాడు. ఆర్పండమ్మా, దిగేస్తున్నాడు అని మా అమ్మ కాళ్ళు పట్టుకోవడం నేను కళ్ళారా చూసినా, ఏడుపొచ్చింది నాకు.

ఒక అమావాస్యకు ఎల్లక్క వాడి వెనకాలే పరిగెత్తింది. చేని గట్ల మీద ఇరవై లాంతర్లు వెలుగుతున్నాయంట! మొగుడు ఒకటి ఊది ఇంకోదాని దగ్గరికి పోయేలోగా మొదటిది మళ్ళీ వెలిగేది, అరచేతులతో మూసినాడు, మీద పడి ఒంటితో నొక్కినాడు, మోతేమో నెత్తి మీదికి వచ్చేస్తోంది, చూడలేక ఆమె కూడా ఊదడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి గట్ల మీద ఒక్క లాంతరూ లేదు. తిప్పన్న చచ్చి పడున్నాడు, అరచేతులు రెండూ మాడిపోయి. ఈ సంగతంతా ఎల్లక్కే మాకు చెప్పింది, మరుసటి అమావాస్యకు ఆమె కూడా లేదు.

ఇప్పటికీ ఆ దీపాలు కనబడతాయి, ఆర్పండి ఆర్పండి అన్న కేకలూ వినపడతాయి, పాపం, మనమూ ఒక చెయ్యి వేద్దామనిపిస్తుంది. వెయ్యొద్దు. ఆర్పేదానికి మొగుడూ పెళ్ళాం ఇద్దరున్నారు అక్కడ, వాళ్ళు చాలు.