ఐలన్న విడిచిపోయిన గొంగడి

మాడుగులపల్లిలో సువర్ణ చాయ్ హోటల్ ముందు బల్ల మీద ఐలన్న కూర్చున్నాడంటే, ఒక్క చాయ్ తాగి పోదామని వచ్చినవాడు మూడు తాగి లేవాల్సిందే. ఆ గురువారం పొద్దున కృపాకర్ సారు చిక్కాడు.

సారుకేమో కథలు వినే ఓపిక లేదు. ఒంటరి మనిషి. పెంచుకున్న కుక్క సోనూని రోజూ బడికి వెంటబెట్టుకుపోయేవాడు. మొన్న ఏదో మీటింగని దాన్ని ఇంట్లో పెట్టి తాళమేసి సూర్యాపేట పోతే, అది పొద్దుగూకేదాకా ఏడ్చి తలుపంతా గీకి పెట్టింది. "ఇంకొక్కసారి ఆ ఏడుపు ఇనబడితే ఇల్లన్న ఖాళీ చెయ్యి, కుక్కనన్న రోడ్డు మీద ఇడిసిపెట్టు" అని ఇంటి ఓనరు భద్రమ్మ తేల్చిచెప్పింది. సోమవారం నుంచేమో సూర్యాపేటలోనే రోజూ పోయిరావాల్సిన పది రోజుల ట్రైనింగు.

"గింతదానికే పరేషానా సారూ!" అన్నాడు ఐలన్న. బల్ల కింద పడుకున్న తన నల్లకుక్కను కాలితో నిమిరాడు. "మా నల్లోడు గూడ గిట్లనే ఉండె. నేను చెప్పులేసుకుంటే వణుకుడు, తాళంచెవి సప్పుడైతే ఏడుపు. ఏంజేసిన్నో ఎరుకేనా? చెప్పులేసుకున్న, తాళంచెవి తీసిన, మళ్ల పోయి మంచం మీదనే కూసున్న. దినాం నలభై సార్లు! నాలుగొద్దులకు వాడు పట్టించుకోకుండ ఆవులిచ్చిండు. గప్పుడు గేటుదాక పోయొచ్చిన, తెల్లారి గీ హోటల్‌దాక. పోయేటప్పుడు బుజ్జగించుడు లేదు, వచ్చినంక ముద్దుజేసుడు లేదు. అసలు మందు ఇంకోటున్నది. నేను కప్పుకునే గొంగడి వాని కింద పరిచి పోయిన. నా వాసన వాని కాడనే ఉంటది గద!"

సారు జేబులోంచి కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఐలన్న అక్కడ ఆగితే బాగుండేది. కానీ ఎదురుగా ఒక సారే కూర్చొని తన మాట రాసుకుంటుంటే ఆ నోరు ఆగుతుందా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరగకముందే వాడే నా చెప్పులు తెచ్చి ముంగట పెట్టుడు, 'ఇంకా పోలేదా' అన్నట్టు సూసుడు! ఇగ కోదాడల మా చెల్లె బిడ్డ పెండ్లికి అయిదొద్దులు పోయినం గదా, ఇల్లంత వాని మీదనే ఇడిసిపెట్టినం. పొద్దున గొర్లను కాలువకు తోలుకపోయిండు, నీళ్లు తాపిండు, మాపటికి లెక్కబెట్టి దొడ్లె తోలిండు."

"లెక్కబెట్టిండా?" అంది సువర్ణ గిన్నెలో చక్కెర వేస్తూ.

"ఒకటి ఎక్కువొస్తే పక్కోనిది వానికి ఇచ్చొచ్చిండమ్మా! నేను ఎస్టీడీ బూత్‌ల నుంచి ఫోన్ జేస్తే ఎత్తిండు. ఒకసారి మొరిగితే బాగున్న అని, రెండుసార్లు మొరిగితే బిల్లు అయితది పెట్టెయ్ అని!"

"నీ ఇంట్ల ఫోన్ యాడిది మామా?" అంది సువర్ణ మళ్లీ.

"గప్పుడుండె, మళ్ల కట్ జేసిండ్రు. మధ్యల అడ్డం రాకు. ఈ ముచ్చట పెద్దవూరదాక పాకితే గా ఊరి కుక్కలన్నీ నేర్చుకుంటందుకు వచ్చినయ్. మా నల్లోడు వరుసల కూసోబెట్టి పాఠం జెప్పిండు, పరీక్ష పెట్టిండు. రెండు ఫెయిలైనయ్ సారూ, వాటికి మళ్ల పెట్టిండు!"

సారు పెన్నుకు మూత పెట్టాడు. రాసిన కాగితాన్ని చూశాడు. ఇదంతా కోతలైతే గొంగడి ముచ్చట మాత్రం నిజమెట్లయితది? మనసులో భద్రమ్మ గొంతు మళ్లీ వినిపించింది. కాగితం ఉండ చుట్టబోయాడు.

"పారెయ్యకు సారూ," అన్నాడు పక్కనే చాయ్ తాగుతున్న ఆటో నడిపే మంగ్త్యా. "గొంగడి ముచ్చట నిజమే. గా పెండ్లప్పుడు నల్లోడు ఒక్కపారి గూడ ఏడ్వలే. గొంగడి మీద పండి, ఈ సువర్ణక్క పోసిన గంజి తాగిండు."

"ఇన్నవా సారూ!" అన్నాడు ఐలన్న ఛాతీ విరుచుకొని.

"జర ఆగు మామా. రెండో దినం మాపున బూత్‌ల నుంచి నాకెవలు ఫోన్ జేసిండ్రు? 'మంగ్త్యా, నాకు బువ్వ సయిస్తలేదు, నల్లోన్ని ఆటోల ఏసుకరారా' అని ఏడ్చిందెవలు? హుజూర్‌నగర్ మీదికెళ్లి కోదాడ దాక తెచ్చిన. వాడు తొవ్వంత గురకే!"

సువర్ణ గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. సారు కాగితాన్ని సాపుచేసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి ఐలన్నా, నీకు ఎవరి గొంగడి పరవాలె?" అన్నాడు.

"బర్రెకు గడ్డెయ్యాలె, పొద్దెక్కింది," అంటూ ఐలన్న లేచాడు. రోడ్డు దాటేలోపు మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. బల్ల కింద నల్లోడు కన్ను కూడా తెరవలేదు.