పొట్ట మీద మూడు వాతలు

గురజాల దగ్గర ఒక పల్లె ఆరోగ్య కేంద్రం. బల్ల మీద పడుకోబెట్టిన రెండు నెలల పాప చొక్కా పైకెత్తిన నర్సు ఫాయిజా అలాగే ఆగిపోయింది. ఎదురుగా పాప తల్లి సుకన్య, నాయనమ్మ యశోద.

"ఏందిది, పెద్దమ్మా?"

"ఏదమ్మా?"

"పొట్ట మీద ఈ మచ్చలు. చీము కూడా పట్టింది."

"అవా... చెమటకాయలు."

"ఛీ! చెమటకాయలు ఇట్టా వరసన మూడు లేస్తాయా? ఇయ్యి వాతలు. ఎవరు పెట్టారు? సుకన్యా, నువ్వు చెప్పు."

"నేను బట్టలుతకను పోయున్నా సిస్టర్. అత్తయ్యే ఇంట్లో—"

"దాన్నడగమాక. పాప నీలవైతంటే బాలగ్రహమన్నారు. పక్కూరాయనొచ్చి పెట్టిపోయాడు."

"పేరేంది ఆయనకి?"

"పేరంటే... పేరు తెలవదు."

"పేరు తెలవనోడి చేతిలో పసిగుడ్డుని పెట్టారా, కాల్చమని! సుకన్యా, ఏడ్చింది చాలు. పాలు తాగేటప్పుడెట్టా ఉంటది?"

"రెండు గుక్కలు తాగి ఆయాసపడతది సిస్టర్. నుదురంతా చెమట. ఏడిస్తే పెదాలు నల్లబడతాయి."

"ఎన్నాళ్ల నుంచి?"

"నెల..."

"నెల! చూస్తా కూర్చున్నారు! ఇదిగో, కాలికి క్లిప్పు పెట్టా. ఆక్సిజన్ తొంభై అయిదన్నా ఉండాలి, డెబ్బై ఆరుంది. గ్రహం లేదు, గాలి లేదు. గుండె. పుట్టుకతోనే లోపం."

"అమ్మో, గుండెకా!"

"భయపడమాక. 108కి చెప్పా, వస్తోంది. గుంటూరులో గుండెకి స్కాన్ తీస్తారు. ఆపరేషన్ చేస్తే బాగయ్యే పిల్లలే చానా మంది. దారిలో నీలవైతే పాప మోకాళ్లు ఇట్టా ఛాతీకి మడిచి పట్టుకో. ఇట్టా. ఆఁ, అంతే."

"ఫాయిజమ్మా..."

"ఇంకేంది పెద్దమ్మా?"

"వాత పెడితే ఈ జబ్బు... కొంచెవన్నా..."

"నలుసంత కూడా తగ్గదు! ఈ చీము మానిందాకా ఆపరేషన్ ఆపుతారేమో కూడా. వాడెవడో చెప్పు, పోలీసులకి పట్టిస్తా."

"నేనే."

"ఏందీ?"

"పక్కూరాయన లేడు, ఎవరూ లేరు. సూది కాల్చి నేనే పెట్టా."

"అత్తయ్యా! నువ్వా?"

"మీ ఆయన కంటే ముందు నాకింకో కొడుకు పుట్టాడే సుకన్యా. ఇట్టాగే నీలవయ్యాడు. మా అత్త వాత పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టా. పెట్టనియ్యలా. మూడో రోజు పోయాడు. పెట్టనిచ్చుంటే బతికేవాడని ఊరంతా నన్నే అన్నారు, ఇప్పటికీ అంటారు. ఫాయిజమ్మా... అంటే, పెట్టనిచ్చినా నా బిడ్డ బతికేవాడు కాదా?"